బాబాయి గుప్తదానం ఖరీదు 1,980 డాలర్లు

పోయిన జూన్‌లో ఒక శనివారం ప్రింటర్ పనిచేయడం లేదంటే బాబాయి వాళ్లింటికి వెళ్లాను. ప్రింటర్‌కి ఏ రోగమూ లేదు, లోపల కాగితం ఇరుక్కుంది, అంతే. మెల్లగా లాగితే వచ్చింది, నలిగిపోయి, ఒక మూల ఇంకు పూసుకుని. చూస్తే అది ఆయన 2024 టాక్స్ రిటర్న్‌లో మొదటి పేజీ. ఒకరి రిటర్న్ ఇంకొకరు చదవకూడదని తెలుసు కానీ కళ్లు ఊరుకోవు కదా, పైగా ఇరవై ఏళ్లుగా ఇంట్లో అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ లెక్కలు చూసిపెట్టే అలవాటు నాది. రిటైర్మెంట్ ఖాతా నుంచి తీసిన మొత్తం రాసే 4ఎ లైన్లో 24,000. పక్కనే, అందులో పన్ను పడే భాగం రాసే 4బి లైన్లో కూడా 24,000.

ఆ రెండో 24,000 దగ్గర ఆగిపోయాను.

"బాబాయ్, పోయినేడాది కార్తీకమాసంలో గుడికి ఐదు వేలు, ఆ కంటి ఆపరేషన్ల సంస్థకి నాలుగు వేలు నీ రిటైర్మెంట్ ఖాతా ఐఆర్ఏ నుంచే పంపించావు కదా. అది మీ రిటర్న్ చేసే సీపీఏకి చెప్పావా?"

"చెప్పడానికేముంది? దానం చేసి ఊరంతా చాటుకుంటారా ఎవరైనా?"

"ఊరికి కాదు బాబాయ్, పన్నుల శాఖకి, ఐఆర్ఎస్‌కి."

"ఐఆర్ఎస్ మాత్రం ఊళ్లో లేదా?" అని నవ్వి కాఫీ కలపడానికి లోపలికి వెళ్లిపోయాడు.

ఆ నవ్వు ఖరీదు 1,980 డాలర్లు. తొమ్మిది వేల మీద 22 శాతం, వాళ్లిద్దరి ఆదాయం ఆ శ్లాబులోకి వస్తుంది. టెక్సస్‌లో రాష్ట్ర ఆదాయపన్ను లేదు కాబట్టి అంతటితో సరిపోయింది. ఒక్క రోజు కూడా తన బ్యాంకు ఖాతాలోకి రాని డబ్బు మీద, చట్టం ప్రకారం పన్నే లేని డబ్బు మీద, ఆయన నిక్షేపంగా పన్ను కట్టి కూర్చున్నాడు.

ఈ సంగతి తెలియనివాళ్ల కోసం కొంచెం వెనక్కి వెళ్తాను, తెలిసినవాళ్లు రెండు పేరాలు దాటేయండి. అమెరికాలో ఉద్యోగం చేసినన్నాళ్లూ జీతంలోంచి పన్ను కట్టకుండా పక్కన పెట్టుకునే రిటైర్మెంట్ ఖాతాలు ఉంటాయి, వాటిలో ఐఆర్ఏ ఒకటి. పెట్టేటప్పుడు పన్ను లేదు, పెరిగేటప్పుడు లేదు, తీసేటప్పుడు మాత్రం తీసినదంతా ఆ ఏడాది ఆదాయం కిందే లెక్క. సరే తీయకుండా ఉంటే పోలేదా అంటే కుదరదు, ఒక వయసు వచ్చాక ఏటా ఇంతని తీసి తీరాలి. దీన్నే అందరూ ఆర్ఎమ్‌డీ అంటారు. ఇప్పుడు ఆ వయసు 73, 1960లోనూ ఆ తర్వాతా పుట్టినవాళ్లకు 75. బాబాయి 1948 మార్చిలో పుట్టాడు, ఆయన రోజుల్లో అది డెబ్భైన్నరే కాబట్టి 2018 నుంచే తీస్తున్నాడు. లెక్క కష్టమేం కాదు, అంతకుముందు డిసెంబర్ 31 నాటికి ఖాతాలో ఉన్నదాన్ని ఐఆర్ఎస్ పట్టికలో మన వయసుకు ఎదురుగా ఉన్న అంకెతో భాగించడమే. 76 ఏళ్లకు ఆ అంకె 23.7. ఆయన ఖాతాలో 5,68,800 డాలర్లు ఉన్నాయి, భాగిస్తే సరిగ్గా 24,000. తీయకపోతే తీయాల్సినదాని మీద 25 శాతం జరిమానా, గడువులోపు దిద్దుకుంటే 10 శాతం. 2022 చివర్లో చట్టం మారకముందు అది 50 శాతం ఉండేది.

ఇక్కడ ఒక మంచి సదుపాయం ఉంది. డెబ్భైన్నర దాటినవాళ్లు ఐఆర్ఏ నుంచి నేరుగా ధార్మిక సంస్థకు డబ్బు పంపిస్తే దాని మీద పన్ను ఉండదు, పైగా ఆ ఏడాది తీయాల్సిన ఆర్ఎమ్‌డీలో అది జమ అవుతుంది. క్యూసీడీ అంటారు. 2006లో వచ్చిన చట్టం. మొదట్లో దీనికి గడువు ఉండేది, అమెరికా చట్టసభ కాంగ్రెస్ ఏడాదో రెండేళ్లో పొడిగిస్తూ వచ్చేది, ఒక్కోసారి ఆ ఏడాది అయిపోవచ్చే డిసెంబర్‌లో పొడిగించేది, ఇవ్వాలనుకున్న ముసలివాళ్లు చెక్కుబుక్కు పట్టుకుని వాషింగ్టన్ వైపు చూస్తూ ఉండేవాళ్లు. 2015 డిసెంబర్‌లో శాశ్వతం చేశారు. ఏడాదికి లక్ష డాలర్ల పరిమితి చాలాకాలం అలాగే ఉండి, 2024 నుంచి ధరలతోపాటు పెరుగుతోంది, 2024లో లక్షా ఐదు వేలు, 2025లో లక్షా ఎనిమిది వేలు. మనిషికి అంత, ఇంటికి కాదు. భార్యాభర్తలు ఎవరి ఐఆర్ఏ నుంచి వాళ్లు అంతంత ఇవ్వచ్చు. ఆర్ఎమ్‌డీ వయసు 72 అయింది, 73 అయింది, క్యూసీడీ వయసు మాత్రం డెబ్భైన్నర దగ్గరే ఉండిపోయింది. ఆ అర ఎవరికి తట్టిందో కానీ మన పంచాంగంలో కూడా అంత సూక్ష్మం లేదు.

సరే, అసలు గొడవకి వస్తాను. ఈ దానం జరిగినట్టు ప్రభుత్వానికి ఎవరు చెబుతారు?

జనవరి నెలాఖరుకు ఖాతా ఉన్న కంపెనీ 1099-ఆర్ అనే కాగితం పంపిస్తుంది, ఒకటి మనకు, ఒకటి ఐఆర్ఎస్‌కి. బాబాయి కాగితం నేను బయటికి తీయించి చూశాను. మొదటి గడిలో 24,000. పన్ను పడే మొత్తం అన్న 2ఎ గడిలో 24,000. పక్కన చిన్న గడిలో పన్ను పడే మొత్తం మేము తేల్చలేదు అని ఒక టిక్కు. ఏడో గడిలో 7 అనే కోడ్, అంటే మామూలుగా తీసుకున్న డబ్బు అని. తొమ్మిది వేలు గుడికీ కంటి వైద్యానికీ వెళ్లాయన్న మాట ఆ కాగితంలో ఎక్కడా లేదు. ఆయన ఆ తొమ్మిది వేలూ తీసుకెళ్లి వేగస్‌లో పోగొట్టుకుని వచ్చినా ఆ కాగితం అక్షరం తేడా లేకుండా ఇలాగే ఉండేది!

కాబట్టి చెప్పాల్సింది మనమే. 4ఎ లో మొత్తం 24,000 వేయాలి, 4బి లో దానం పోగా మిగిలిన 15,000 వేయాలి, పక్కన క్యూసీడీ అని రాయాలి. మూడే మూడు ఇంగ్లీషు అక్షరాలు. ఆ అక్షరాలు లేకపోతే, ఆ తీసివేత చేయకపోతే, దానం జరగనట్టే. రిటర్న్ ఇంకెవరో చేసేవాళ్లయితే వాళ్ల చేతికి వచ్చేది 1099-ఆర్ ఒక్కటే, దాన్ని చూసి వాళ్లు రెండు చోట్లా 24,000 వేస్తారు. బాబాయి రిటర్న్ చేసినాయన అదే చేశాడు. ఆయన అడగలేదు, ఈయన చెప్పలేదు.

అడగకపోవడం ఆయన తప్పే, నేను దాన్ని కప్పిపుచ్చను. డెబ్భై ఆరేళ్ల మనిషి ఐఆర్ఏ నుంచి డబ్బు తీశాడంటే ఇందులో దానమేమైనా ఉందా అని అడగడం మొదటి ప్రశ్న కావాలి. కానీ బాబాయి ఎందుకు చెప్పలేదో తవ్వితే నాకు ఇంకో సంగతి తెలిసింది, ఈ వ్యాసం రాయడానికి కారణం నిజానికి అదే.

పాత రోజుల్లో పిన్ని ఒక బూట్లపెట్టె పెట్టుకునేది. గుడి రసీదులు, పిల్లల బడి రసీదులు, పాత బట్టలు ఇచ్చినప్పటి చీటీలు, అన్నీ అందులో. మార్చిలో ఆ పెట్టె తీసుకెళ్లి సీపీఏ బల్లమీద పెట్టేవాళ్లు. 2018 నుంచి పన్ను చట్టం మారింది, భార్యాభర్తలకు ఏ లెక్కా చూపించకుండానే ఆదాయంలోంచి తీసేసుకోగల స్టాండర్డ్ డిడక్షన్ 12,700 నుంచి ఒక్క దెబ్బకు 24,000 అయింది. ఇంటి అప్పు తీరిపోయి, పిల్లలు వెళ్లిపోయిన ఇళ్లలో దానాలూ అవీ విడివిడిగా చూపించుకుంటే వచ్చేదానికంటే స్టాండర్డ్ డిడక్షనే ఎక్కువ. దాంతో ఆ ఏడాది సీపీఏ పెట్టె మూత కూడా తీయకుండా వెనక్కి నెట్టి, ఇక మీదట ఇవి తేనక్కర్లేదండీ, మీకు దానాల వల్ల పన్నులో తేడా ఏమీ రాదు అన్నాడట. నిజమే, తేడా రాదు. పిన్ని పెట్టె ఖాళీ చేసి అందులో దారపు ఉండలు పెట్టుకుంది.

అంటే ఆరేళ్లపాటు వాళ్లకు దానాల సంగతి మాకు చెప్పొద్దు అని నేర్పించారు. వాళ్లు బుద్ధిమంతులు, నేర్చుకున్నారు. ఏటా వచ్చే ప్రశ్నల కాగితంలో దానాలు అన్నచోట బాబాయి గీత కొట్టి పంపేవాడు. 2024లో గుడిలో పెద్దవాళ్ల కోసం పెట్టిన ఏదో సమావేశంలో క్యూసీడీ గురించి విని, ఫోన్ చేసి కనుక్కుని, ఫారం నింపి, పద్ధతి ప్రకారం చెక్కులు పంపించాడు. అక్కడిదాకా అన్నీ సరిగ్గానే చేశాడు. మార్చి వచ్చేసరికి అలవాటు ప్రకారం దానాల దగ్గర మళ్లీ గీత కొట్టాడు. క్యూసీడీ అసలు గొప్పతనమే స్టాండర్డ్ డిడక్షన్ తీసుకునేవాళ్లకు కూడా పూర్తి లాభం ఇవ్వడం. ఆ లాభం ఎవరికి ఎక్కువ అవసరమో, చెప్పొద్దని నేర్చుకున్నది కూడా సరిగ్గా వాళ్లే.

దీనికి మన అలవాటు కూడా తోడయింది. గుప్తదానం గొప్పది, చెప్పుకుంటే ఫలం పోతుంది అని మనందరం వింటూ పెరిగినవాళ్లమే. కాఫీ తాగుతూ బాబాయి మళ్లీ అదే మాట అన్నాడు. "ఇచ్చినదానికి మళ్లీ తగ్గింపు అడగడమేంటి అమ్మాయ్, పుణ్యం సగం ధరకి కొన్నట్టుంటుంది."

పిన్ని వంటింట్లోంచే అందుకుంది. "మీ ఊరి రామాలయంలో ఫ్యాను రెక్కల మీద మూడు రెక్కలకీ పేరు రాయించారే, అది గుప్తదానమా?"

మూడో రెక్క మీద అమెరికా అని కూడా రాయించాడు. చిన్నప్పుడు నేను చూశాను, ఫ్యాను తిరుగుతున్నప్పుడు ఏమీ కనిపించేది కాదు, కరెంటు పోతేనే బాబాయి పేరు చదవడానికి వీలయ్యేది. తెనాలి పక్కన ఆ రోజుల్లో కరెంటు బాగానే పోయేది కాబట్టి పేరు కూడా బాగానే వచ్చింది.

నా వాదన మాత్రం ఫ్యాను గురించి కాదు. బాబాయి అనుకుంటున్నట్టు 4బి లో 15,000 వేయడం తగ్గింపు అడగడం కాదు. షెడ్యూల్ ఎ లో దానాలు చూపించుకుంటాం చూడండి, అది తగ్గింపు, నాకు వచ్చిన ఆదాయంలోంచి ఇంత ఇచ్చాను, వదిలేయండి అని అడగడం. క్యూసీడీ అలాంటిది కాదు. ఆ తొమ్మిది వేలు ఆయన ఆదాయమే కాదని చట్టం అంటోంది. 4బి లో 24,000 వేసి సంతకం పెట్టినప్పుడు ఆయన వినయంగా ఊరుకున్నట్టు కాదు, తనకు రాని ఆదాయం వచ్చిందని రాసి, ఇది నిజమని కింద ప్రమాణం చేసినట్టు. ఆదాయం తక్కువ చూపిస్తేనే తప్పు, ఎక్కువ చూపిస్తే ఒప్పు అని మనకు ఎవరు చెప్పారో కానీ రెండూ తప్పు లెక్కలే. (తగ్గింపూ ఇదీ రెండూ వాడుకుందామనుకునే తెలివైనవాళ్లకు కూడా ఒక మాట, క్యూసీడీగా పంపినదాన్ని మళ్లీ షెడ్యూల్ ఎ లో చూపించకూడదు. ఆ తప్పు పట్టుకుంటే జరిమానా కూడా పడచ్చు.)

పన్ను ఒక్కటే కాదు, ఆ 24,000 అంకె ఇంకా చాలా చోట్లకు పాకుతుంది. రిటర్న్‌లో మొత్తం ఆదాయం పెరిగితే ప్రభుత్వ పింఛను సోషల్ సెక్యూరిటీలో పన్ను పడే భాగం పెరగచ్చు, గరిష్ఠంగా 85 శాతం దాకా. పెద్దవాళ్లకు ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా మెడికేర్‌లో పార్ట్ బి ప్రీమియం రెండేళ్ల కిందటి ఆదాయాన్ని చూసి నిర్ణయిస్తారు, 2024లో ఒక గీత దాటితే 2026లో నెలనెలా ఎక్కువ కట్టాలి, ఆ గీత ఒక్క డాలర్ దాటినా సరే. 2025 నుంచి నాలుగేళ్లపాటు 65 దాటిన ఒక్కొక్కరికి ఇస్తున్న ఆరు వేల డాలర్ల కొత్త డిడక్షన్ కూడా జంట ఆదాయం లక్షన్నర దాటితే కరగడం మొదలవుతుంది. ఇవన్నీ మొత్తం ఆదాయం అంకె మీద ఆధారపడేవి. మామూలు దానం ఆ అంకెను తగ్గించదు, క్యూసీడీ తగ్గిస్తుంది, అయితే 4బి లో సరిగ్గా రాస్తేనే.

మరి కంపెనీవాళ్లు ఎందుకు చెప్పరు? వాళ్ల వాదన నాకు తెలుసు, అందులో కొంత న్యాయం ఉంది కూడా. మేం చెక్కు పంపిస్తాం, అంతవరకే, అవతలిది అర్హత ఉన్న సంస్థో కాదో, మీరు దానికి బదులుగా ఏమైనా పుచ్చుకున్నారో లేదో మాకెలా తెలుస్తుంది, అది క్యూసీడీ అని మేమెలా హామీ ఇస్తాం అంటారు. ఒప్పుకుంటాను. కానీ హామీ ఎవరడిగారు? చెక్కు ఎవరి పేరున రాశారో వాళ్లకు తెలుసు కదా, ఆ పేరు వాళ్లే కొట్టారు కదా. ఇందులో తొమ్మిది వేలు ఖాతాదారు పేరున కాకుండా ఫలానా సంస్థల పేరున వెళ్లింది అని ఒక వాక్యం ఆ 1099-ఆర్ మీదే అచ్చు వేస్తే చాలు, మిగతాది మేం చూసుకుంటాం. అది క్యూసీడీ అవునో కాదో తేల్చే బాధ్యత మాదే, జరిగిందన్న గుర్తు మాత్రం వాళ్లు ఇవ్వాలి. ఏడాది చివర్లో వచ్చే స్టేట్‌మెంట్‌లో ఎక్కడో ఉంటుందిలెండి, ముప్పై పేజీల్లో ఇరవై రెండో పేజీలో, ఎనిమిదో సైజు అక్షరాల్లో. డెబ్భై ఆరేళ్ల కళ్లకి, అదీ కంటి ఆపరేషన్లకు దానం చేసిన మనిషికి!

ఐఆర్ఎస్‌కి కూడా ఈ బాధ తెలిసినట్టే ఉంది. 2025 సంవత్సరపు 1099-ఆర్ కోసం ఏడో గడిలో వేయడానికి వై అని కొత్త కోడ్ తెచ్చారు, క్యూసీడీ అని చెప్పడానికే. బాగానే ఉంది, కానీ ఆ మొదటి ఏడాది అది వేయడం తప్పనిసరి కాదన్నారు. వేసినవాళ్లు వేస్తారు, లేనివాళ్లు లేదు. దీనివల్ల నాకు ఇంకో భయం, ఒక కంపెనీ కాగితం మీద వై చూసిన సీపీఏ ఇంకో కంపెనీ కాగితం మీద వై లేకపోతే ఇందులో దానం లేదనుకుంటాడు. సగం దీపాలే వేసిన వీధిలో నడక ఎప్పుడూ కష్టమే. 2025 టాక్స్ రిటర్న్ ఫారం 1040లో మాత్రం 4బి కింద క్యూసీడీకి విడిగా ఒక గడి పెట్టారు, చేత్తో అక్షరాలు రాసే బాధ తప్పింది, టిక్కు పెడితే చాలు. ఆ టిక్కు పెట్టాల్సింది మళ్లీ మనమే అనుకోండి.

ఇక రసీదు కథ. క్యూసీడీకి కూడా సంస్థ నుంచి ఉత్తరం ఉండాలి, ఎంత ముట్టింది, ఎప్పుడు ముట్టింది, బదులుగా వస్తువులూ సేవలూ ఏమీ ఇవ్వలేదు అని, రిటర్న్ వేసేలోపు చేతికి రావాలి. బాబాయి దగ్గర కంటి సంస్థ ఉత్తరం ఉంది, గుడి రసీదు లేదు. ఫోన్ చేస్తే ఆఫీసులో వాలంటీరు అమ్మాయి పది నిమిషాలు వెతికి, అంకుల్, మీ పేరున ఏమీ లేదు, కానీ ఆ తారీఖున ఒక బ్రోకరేజి కంపెనీ ఐదు వేలు ఇచ్చిందండీ అంది. చెక్కు మీద కంపెనీ పేరు పెద్దగా ఉంటుంది, ఖాతాదారు పేరు మూలన చిన్నగా ఉంటుంది. గుడివాళ్లు కంపెనీ పేరున రసీదు తయారుచేసి, గోత్రం, నక్షత్రం అన్న చోట్ల ఖాళీ వదిలి, కంపెనీ అడ్రసుకే పోస్టు చేశారట. కార్తీక పౌర్ణమినాడు ఆ కంపెనీ పేరున అర్చన జరిగిందో లేదో నేను అడగలేదు, అడిగే ధైర్యం లేదు. మీరు పంపించేటప్పుడు గుడికి ముందే ఒక ఈమెయిల్ పెట్టండి, ఫలానా చెక్కు నాది అని. లేదా చెక్కు సంస్థ పేరున రాయించి మీ ఇంటికి తెప్పించుకుని మీరే తీసుకెళ్లి ఇవ్వండి, అది కూడా చెల్లుతుంది. పేరు మాత్రం సంస్థదే ఉండాలి.

మీ పేరున వస్తే అయిపోయినట్టే. మా వీధిలో ఇంకో అంకుల్‌కి అదే జరిగింది. ఆయన ఆర్ఎమ్‌డీ మొత్తం జనవరిలోనే బ్యాంకు ఖాతాలో వేయించుకుని, తర్వాత సొంత చెక్కుతో గుడికి పదివేలు ఇచ్చి, నాది కూడా క్యూసీడీయే కదమ్మా అన్నాడు. కాదండీ అని చెప్పడానికి నాకు నోరు రాలేదు. అదే డబ్బు, అదే గుడి, అదే మనిషి, దారి వేరు, అంతే. వెనక్కి తిప్పడం కుదరదు.

ఇంకొన్ని చోట్ల కూడా మనవాళ్లు పడిపోతారు. తిరుమల హుండీకి పంపినా, ఊళ్లో హైస్కూలుకు పంపినా క్యూసీడీ కాదు, అవతల ఉండాల్సింది అమెరికాలో పన్ను మినహాయింపు ఉన్న సంస్థ. అలాంటి అమెరికా సంస్థ తన నిర్ణయం మీద ఇండియాలో పని చేస్తుంటే దానికి ఇవ్వచ్చు, కానీ మా మేనల్లుడి ఫీజుకి ఇవ్వండి అని వాళ్ల ద్వారా నడిపిస్తే అది దానం కాదు. సాఫ్ట్‌వేర్ పిల్లలు ఇష్టపడే ముందు డబ్బు వేసిపెట్టి తర్వాత ఎవరికివ్వాలో చెప్పే డోనర్ అడ్వైజ్డ్ ఫండ్‌కి కూడా కుదరదు. ఉద్యోగమిచ్చిన కంపెనీ ద్వారా ఉండే 401(కె) రిటైర్మెంట్ ఖాతా నుంచి నేరుగా కుదరదు, ముందు ఐఆర్ఏలోకి మార్చుకోవాలి. అన్నిటికంటే ప్రమాదం గుడివాళ్ల వార్షిక బాంక్వెట్. 500 డాలర్ల టికెట్టు, అందులో భోజనం విలువ 75 అనుకోండి. సొంత చెక్కుతో ఇచ్చి దానాలు విడిగా చూపించుకునేవాళ్లయితే 425 చూపించుకోవచ్చు. ఐఆర్ఏ నుంచి ఇస్తే 425 కాదు, సున్నా. బదులుగా ఏమాత్రం పుచ్చుకున్నా మొత్తం చెడుతుంది, ఆ 500 అంతా మామూలు ఆదాయమే. పూజలో కూర్చోవడం లాంటిది ఆధ్యాత్మిక ప్రయోజనం కిందికి వస్తుంది, అంగడిలో దొరికేది కాదు కాబట్టి దానికి ఇబ్బంది లేదు, రసీదులో ఆ మాట రాస్తారు. కాబట్టి స్వామి దగ్గర కూర్చోండి, పన్నీర్ టిక్కా దగ్గరే జాగ్రత్త.

నేను ఈ సదుపాయాన్ని నెత్తికెత్తుకుంటున్నానని అనుకోకండి. రిటైర్మెంట్ ఖాతాలో లక్షలున్నవాళ్లకు ఇది ఉపయోగం, గ్యాస్ స్టేషన్లో ముప్పై ఏళ్లు పనిచేసి సోషల్ సెక్యూరిటీ చెక్కు మీద బతుకుతూ ఆ చెక్కులోంచే గుడికి నెలకి ఇరవై డాలర్లు ఇచ్చే పెద్దావిడ నాకు తెలుసు, ఆవిడకి ఈ చట్టం ఏమీ ఇవ్వదు. 2026 నుంచి స్టాండర్డ్ డిడక్షన్ తీసుకునేవాళ్లు కూడా మనిషికి వెయ్యి డాలర్ల దాకా దానాలు తగ్గించుకోవచ్చు, పన్నే కట్టక్కర్లేని ఆవిడకి అదీ ఉపయోగపడదు. ఇవ్వగలిగినవాళ్లకే ఇంకా ఇస్తారన్న కోపం నాకూ ఉంది. అయితే ఆ కోపానికి మందు బాబాయి 1,980 డాలర్లు పొరపాటున కట్టడం మాత్రం కాదు.

జూలైలో 1040-ఎక్స్ వేశాం, అంటే దిద్దిన రిటర్న్. మూడేళ్ల లోపు వేయచ్చు, మీ ఇంట్లో పెద్దవాళ్ల పాత రిటర్న్‌లు కూడా ఒకసారి 4ఎ, 4బి చూడండి, రెండూ ఒకటే అయితే వాళ్లని కూర్చోబెట్టి అడగండి. గుడి రసీదు ముందే రావాలి కదా, ఇప్పుడెలా అని నాకు టెన్షన్ పట్టుకుంది. అదృష్టం బాగుండి కంపెనీ అడ్రసుకు వెళ్లిన రసీదు ఫిబ్రవరిలోనే బాబాయికి ఒక కవర్లో తిరిగొచ్చింది, ప్రకటనల కాగితం అనుకుని విప్పకుండా పెట్టాడు. దానికి తోడు ఆ చెక్కు బాబాయి ఐఆర్ఏ నుంచే వచ్చిందని గుడివాళ్లు ఒక ఉత్తరం రాసిచ్చారు. పిన్ని దారపు ఉండలు తీసేసి బూట్లపెట్టె మళ్లీ బయటికి తెచ్చింది. ఆవిడకి ఈ ఏడాది 73, ఆవిడ ఐఆర్ఏకి ఇదే మొదటి ఆర్ఎమ్‌డీ. నా చెక్కు మీద నా పేరు మూలన కాదు, మధ్యలో వేయించు అని నాతో చెప్పింది, అది నా చేతిలో ఉన్నట్టు.

నవంబర్‌లో రీఫండ్ వచ్చింది, 1,980 డాలర్లు, దాని మీద ఇన్నాళ్ల వడ్డీ కూడా. బాబాయి కవరు చించి చూసి చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత ఫోన్ చేశాడు.

"వడ్డీ కూడా ఇచ్చార్రా అమ్మాయ్, డెబ్భై ఎనిమిది డాలర్లు."

"అవును బాబాయ్, వాళ్ల దగ్గర ఉన్నన్నాళ్లకీ ఇవ్వాలి కదా."

"దీని మీద మళ్లీ పన్నుంటుందా?"

"ఉంటుంది. ఈసారి రిటర్న్‌లో చూపించాలి."

అవతల పెన్ను కోసం వెతుకుతున్న చప్పుడు వినిపించింది. "చెప్పు, ఏ లైన్లో రాయాలి?"